ఖరగ్‌పూర్‌కు ఒక విదేశయాత్ర

పార్లమెంటు ఉభయ సభలు నిరవధికంగా వాయిదా పడిన మరునాటి నుంచి ఢిల్లీలో ఒక విచిత్రమైన నిశ్శబ్దం అలముకొంటుంది. నిన్నటి దాకా దేశం ఏమైపోతుందోనని గొంతు చించుకున్న సభ్యులు పెట్టెలు సర్దుకొంటారు. కొందరు తమ నియోజకవర్గాలకు వెడతారు, వారు దురదృష్టవంతులు. మరికొందరు సుహృద్భావ బృందాలలోనో, ప్రతినిధి వర్గాలలోనో స్థానం సంపాదించి విదేశాలకు పయనమవుతారు. తిరిగి వచ్చిన తర్వాత పదిహేను రోజుల పాటు కనిపించిన ప్రతివారికీ తాము నేర్చుకున్న పాఠాలు చెబుతారు. అక్కడ వీధులు శుభ్రంగా ఉంటాయట. రైళ్లు వేళకు వస్తాయట. జనం వరుసలో నిలబడతారట. ఈ మూడు సంగతులు తెలుసుకోవడానికి ప్రజాధనం ఎంత వ్యయమైనదీ వారు చెప్పరు, మేమూ అడగము. అప్పుడప్పుడు ఆ విమానాలలో వెనుక వరుసలో మాకూ ఒక చోటు దొరుకుతుంది కదా!

ఈ విరామంలో నాకు అట్టి యోగం పట్టలేదు. వియన్నాకు బయలుదేరుతున్న తోటి విలేఖరి ఒకడు నా ప్రయాణం ఎక్కడికని అడిగాడు. ఖరగ్‌పూర్ అన్నాను. అతడు ముఖం దించుకొని, "ఎవరైనా పోయారా?" అని మెల్లగా అడిగాడు.

ఎవరూ పోలేదు. మా చిన్న మేనమామ వేయి పున్నములు చూసిన సందర్భంగా ఇంట్లో శాంతి చేయిస్తున్నారు. "ఈసారి నువ్వు రాకపోతే వెయ్యిన్నొకటో పున్నమికి నేనుంటానో ఉండనో" అని ఆయన ఫోనులో బెదిరించాడు. పార్లమెంటులో విప్ జారీ చేసినా ఇంత పని జరగదు.

ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి కనుక ప్రయాణానికి ఒక పుస్తకం సంచిలో పెట్టుకొనడం నా బలహీనత. మార్క్ ట్వైన్ 1869లో ప్రచురించిన 'ది ఇన్నొసెంట్స్ అబ్రాడ్' తీసుకున్నాను. కొందరు అమెరికా అమాయకులు ఓడ ఎక్కి యూరపునూ, పవిత్ర భూమినీ చూడబోయిన వైనం అది. పరదేశాన్ని వెక్కిరించబోయిన యాత్రికుడు ఎక్కడ తానే వెక్కిరింతకు గురి అవుతాడో ట్వైన్‌కు బాగా తెలుసు. నాకు ఆ సంగతి ఖరగ్‌పూర్ స్టేషన్ బయట తెలిసింది.

హౌరాలో దిగి, అక్కడి నుంచి లోకల్ బండిలో 115 కిలోమీటర్లు ప్రయాణించి ఖరగ్‌పూర్ చేరాను. బెంగాల్‌లో బెంగాలీ మాట్లాడడం మర్యాద అని, దారిపొడవునా నాలుగు వాక్యాలు వల్లె వేసుకొంటూ వచ్చాను. స్టేషన్ ముందు 'టోటో' అనే బ్యాటరీ రిక్షాలు బారులు తీరి ఉన్నాయి. ఒకతని వద్దకు పోయి, మథురాకాటికి ఎంత తీసుకొంటావని నా శక్తికొలదీ బెంగాలీలో అడిగాను. అతడు అర్థం కానట్లు చూశాడు. హిందీలోకి దిగాను. ధర చెప్పాడు. అది నాకు ఎక్కువ అనిపించి, అలవాటు చొప్పున "అబ్బో!" అన్నాను. అంతే, అతడి ముఖం విప్పారింది.

"తెలుగోరేటి బాబూ? ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదా. ఎక్కండి."

ధర మాత్రం తగ్గించలేదు.

మన పాఠకులలో చాలామందికి ఖరగ్‌పూర్ అనగానే ఐఐటీ స్ఫురిస్తుంది. 1951లో ఆ విద్యాసంస్థ తొలి తరగతులు జరిగినది హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో. అదే శిబిరంలో 1931 సెప్టెంబరు 16న పోలీసులు కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు నిర్బంధితులను చంపారు. మరి కొందరికి ఇది ధోనీ టికెట్ కలెక్టరుగా పనిచేసిన ఊరు. 2001 నుంచి 2003 వరకు ఆయన కొలువు ఇక్కడే. కాని ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఈ పేరు అంతకు ఎంతో ముందే తెలుసు. ఒక శతాబ్ది క్రితం శ్రీకాకుళం ప్రాంతంలో ఇంటికొకడు రంగూన్‌కైనా పోయేవాడు, 'బెంగాల్ నాగపూర్' కంపెనీకైనా పోయేవాడు. ఓడ ఎక్కినవాడు విదేశం పోయినట్లు లెక్క. రైలు ఎక్కినవాడు ఉద్యోగానికి పోయినట్లు లెక్క. తీరం వెంట వేసిన రైలు మార్గం పందొమ్మిదో శతాబ్ది ముగిసేనాటికి ఖరగ్‌పూర్‌ను జంక్షనుగా మార్చింది. వెంటనే వర్క్‌షాపు వెలిసింది. ఇంజన్లు, పెట్టెలు మరమ్మతు చేసే ఆ మహా కర్మాగారానికి కావలసిన చేతులను ఆ రైలు మార్గమే మోసుకువచ్చింది. మా ముత్తాత చేతులు అందులోవే.

రాజకీయాభిమానులైన పాఠకులకు ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరిగారు 1927లో భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్లారు. అదీ విదేశయాత్రే. కాని ఆయన పేరు ఇంటింటా మోగినది జెనీవా వల్ల కాదు. ఆ రోజులలోనే బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా కార్మికులు జరిపిన శాంతియుత పోరాటానికి ఆయన నాయకత్వం వహించారు; చివరకు యాజమాన్యం దిగివచ్చింది. 1969లో ఆయన స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, రెండో ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపులో రాష్ట్రపతిగా గెలిచినప్పుడు ఢిల్లీ విలేఖరులు అంతరాత్మ ప్రబోధం గురించీ, కాంగ్రెసు చీలిక గురించీ పేజీలు నింపారు. మా మావయ్య ఇంట్లో మాత్రం "మన యూనియన్ గిరిగారు ప్రెసిడెంటయ్యాడు" అని బెల్లం పంచారట. నేను చదివిన రాజ్యాంగ చరిత్ర గ్రంథాలలో ఈ బెల్లం ప్రస్తావన లేదు.

మావయ్య ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరుగా చేసి ఎన్నడో విశ్రాంతి తీసుకున్నాడు. విశ్రాంతి అన్నది కాగితం మీద మాత్రమే. నేను చేరిన మరునాటి తెల్లవారుజామున లేపి, "రా, ప్లాట్‌ఫారం చూపిస్తా" అన్నాడు. నిన్ననే కదా దిగానంటే, "దిగడం వేరు, చూడ్డం వేరు" అన్నాడు. ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాడు. 1,072 మీటర్ల పైచిలుకు. ఎనభై దాటిన ఆయన ముందు నడిచాడు, యాభై దాటిన నేను వెనుక రొప్పుతూ నడిచాను. ప్రపంచంలోనే పొడవైన ప్లాట్‌ఫారం అని మేము చిన్నప్పుడు సామాన్య జ్ఞాన పుస్తకాలలో కంఠస్థం చేసినది దీనినే. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో ఆ కీర్తిని ఎగరేసుకుపోయింది. 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ ఓడించింది. ఈ మాట నేను అనవలసింది కాదు. మావయ్య ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "ఆళ్లు ఏ టేపుతో కొలిచారో మనకేటి తెల్సు?" అన్నాడు.

ఓడిపోయి పదేళ్లయినా చిరునామా కాగితం మీద 'మాజీ పార్లమెంటు సభ్యుడు' అని అచ్చు వేయించుకొనే పెద్దలు నాకు చాలామంది తెలుసు. వారిని నేను ఇదే కాలమ్‌లో పలుమార్లు ఎగతాళి చేశాను. మావయ్యను చేయలేకపోయాను.

ఇక భాష విషయం. నేను దశాబ్దాలుగా తెలుగు రాసి పొట్టపోసుకొనేవాణ్ణి. నా తెలుగు మీద నాకు కొంత నమ్మకం ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ ఏదో సందర్భంలో "ఆ ప్రతిపాదన ఆచరణ సాధ్యం కాదు" అన్నాను. అత్తయ్య గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. "రేడియో వార్తలా మాటాడతావేటిరా నువ్వు?" అంది. మా బావమరిది కూతురు, పదేళ్ల పిల్ల, కిసుక్కున నవ్వింది. అటు తర్వాత నేను నోరు తెరిచినప్పుడల్లా ఆ పిల్ల నా ఎదుట స్టీలు గ్లాసును మైకులాగా పట్టుకొనేది.

వారి తెలుగులో క్రియ మనది, వస్తువుల పేర్లు హిందీవి, ఆశ్చర్యం వచ్చినప్పుడు బెంగాలీ. ఆ మాట మధ్యలో, మన వైపు ముసలివారితోపాటు పోయాయని నేను అనుకున్న పలుకుబళ్లు ఎన్నో సజీవంగా వినిపించాయి. చేపల పులుసు శ్రీకాకుళం చింతపండుతో మొదలై బెంగాల్ ఆవముద్దతో ముగిసింది. శాంతినాడు అరిసె పక్కన రసగుల్లా వడ్డించారు. నేను రెండింటినీ వేరుగా తినబోతే, ఇక్కడ కలిపి తినాలని పిల్ల నేర్పింది. అది తప్పు పాఠమని తర్వాత తెలిసింది.

సాయంత్రాలు అరుగు మీద రాజకీయం. ఢిల్లీ నుంచి వచ్చినవాణ్ణి కనుక నేను బోధిస్తాను, వారు వింటారు అనుకున్నాను. జరిగినది తలకిందులు. నేను ప్రెస్ గ్యాలరీకి కొత్తగా వచ్చిన రోజులలో ఇంద్రజిత్ గుప్తా లేచి నిలబడితే సభ సద్దుమణిగేది. 1989 నుంచి 2001లో మరణించేవరకు ఆయన మిడ్నపూర్ సభ్యుడు. 1996లో హోం మంత్రి అయ్యారు. ఆయన ప్రసంగాలు ఎన్ని రాసుకున్నానో! ఆ మిడ్నపూర్ నియోజకవర్గంలోనే ఖరగ్‌పూర్ ఉన్నదనీ, ఆయనకు ఓటు వేసినవారిలో మా మావయ్య ఉన్నాడనీ నాకు ఏనాడూ తట్టలేదు. అసెంబ్లీకి జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్ అనే సిక్కు పెద్దమనిషిని ఈ ఊరు పదిసార్లు పంపింది. బెంగాలీలు, తెలుగువారు, హిందీవారు కలిసి ఒక సర్దార్జీని 'చాచా' అని పిలుచుకొంటూ గెలిపించారు. 2016లో తొంభై దాటిన వయసులో ఆయన భారతీయ జనతా పార్టీ చేతిలో ఓడిపోయారు. ఆ సీటు 2019 ఉప ఎన్నికలో తృణమూల్‌కు, 2021లో తిరిగి భాజపాకు పోయింది. అంటే ఇక్కడి తెలుగు ఓటు ఎవరికీ తాకట్టులో లేదన్నమాట.

తాకట్టులో లేని ఓటుకు విలువ ఎక్కువ. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. కొద్ది నెలలలో శాసనసభ ఎన్నికలు. ఆనాడు ఆ వార్త ఢిల్లీలో చూసి "ఎన్నికల ముందు భాషలకు కూడా ప్రాణం లేచివస్తుంది" అని ఒక చమత్కారం రాసి, నలుగురి చేత బాగుందనిపించుకున్నాను. ఆ సంగతే అరుగు మీద మళ్లీ అన్నాను. ఎవరూ నవ్వలేదు. బావమరిది మాత్రం నెమ్మదిగా, "ఎందుకిచ్చారో మాకు తెల్సు బావా. ఇచ్చారు గదా. నూరేళ్ల పైన ఇక్కడున్నాం, మేం కూడా ఉన్నామని ఒక కాగితం మీద రాశారు" అన్నాడు. చమత్కారం రాయడానికి పది నిమిషాలు పట్టింది. దానికి జవాబు వినడానికి నేను ఇంత దూరం రావలసివచ్చింది.

శాంతి ముగిసిన మరునాడు అత్తయ్య మంచం కింద నుంచి ఒక రేకు పెట్టెను లాగింది. అందులో ఒకవైపు నా కాలమ్‌లు. అమ్మ బతికున్నన్నాళ్లూ కత్తిరించి పంపినవి. అత్తయ్య కళ్లు మందగించాక వాటిని చదివేవారు లేరు. మావయ్యకు రైల్వే హిందీ తప్ప మరో అక్షరం కుదరలేదు. బావమరిది తెలుగు బడిలో ఐదో తరగతి చదివాడుగాని, మరిచిపోయానంటాడు. కాబట్టి కొన్నింటిని అలమరా అరలకు పరిచారు. పప్పుల డబ్బా కింద 2008 నాటి విశ్వాస తీర్మానం ఉంది. చుట్టుపక్కల ఇంకెందరు పాఠకుల ఇళ్లలో నా రచనలు ఈ తీరున నిత్యోపయోగంలో ఉన్నాయో తెలియదు.

పెట్టెలో రెండోవైపు ఉత్తరాలు. టెక్కలి దగ్గరి పల్లె నుంచి అత్తయ్య తల్లి రాసిన ఇన్లాండు ఉత్తరాలు. "చాలా రోజులయింది విని, చదవరా" అంది. చదివాను. ఆవు ఈనింది. జీడితోటలో పూత బాగా వచ్చింది. మీ నాన్నకు దగ్గు తగ్గలేదు. పండక్కి రాలేకపోతే పోనీ, పిల్లాడి ఫోటో పంపు. అంతకుమించి ఏమీ లేదు. అత్తయ్య ప్రతి వాక్యం చివర "ఆఁ" అంటూ, పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్లు విన్నది. స్టీలు గ్లాసు మైకు పక్కన పెట్టి పిల్ల కూడా విన్నది. ఆ ఉత్తరంలో ఆ పిల్లకు తెలియని మాట ఒక్కటీ లేదు. తెలియనిది చదవడం మాత్రమే. వెళ్లేది ఇంగ్లీషు బడికి; అక్కడ రెండో భాష హిందీ.

"మావయ్యా, ఇందులో మన ఊరు పేరు ఎక్కడుంది?" అని అడిగింది.

చూపించాను. 'టెక్కలి' మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "ఈ కింద ఉన్న చిన్నది ఏంటి? దాని పిల్లా?"

అది క వత్తు. ఇరవై ఏళ్ల వయసులో ఇంగ్లీషు ధ్వనిశాస్త్రం పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఒక వత్తును వివరించడానికి నాకు మాటలు రాలేదు. అవును, దాని పిల్లే అన్నాను.

అప్పుడు అత్తయ్య, ఏ దురుద్దేశమూ లేకుండా, "మీ అమ్మాయి చదువుద్దేటిరా నువ్వు రాసినవి?" అని అడిగింది.

పార్లమెంటులో ఇటువంటి ప్రశ్నలు వచ్చినప్పుడు మంత్రులు "సమాచారం సేకరిస్తున్నాము, సభకు సమర్పిస్తాము" అంటారు. ఆ సౌకర్యం నాకు లేదు. ఢిల్లీలో 1948లోనే దుర్గాబాయిగారు ఆంధ్ర విద్యా సంఘాన్ని స్థాపించారు. తెలుగు నేర్పే పాఠశాల నగరంలోనే ఉంది. బస్సు దూరమని మా అమ్మాయిని వేరే బడిలో వేశాము. అసలు దూరం ఎంతో నేను ఏనాడూ కొలవలేదు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాలన్నీ కలిపి పరిచినా అంత ఉండదని మా ఆవిడ ఇప్పుడు అంటోంది. చదవదు అత్తా, అన్నాను. "అయ్యో" అని ఆమె నా ఉత్తరాల కట్టను మళ్లీ తాడుతో కట్టింది. నన్ను ఓదార్చడానికి కాబోలు, ఆ పూట ఒక అరిసె ఎక్కువ పెట్టింది.

రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరంలోనే, ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ అధికరణ చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలి. 'ప్రయత్నించాలి' అన్న మాటలో ఎంత వెసులుబాటు ఉన్నదో మంత్రుల సమాధానాలు వినేవారికి వేరే చెప్పనక్కరలేదు. దాని వెంటనే ఉన్న 350-బి ప్రకారం ఈ వ్యవహారాన్ని పరిశీలించడానికి ఒక ప్రత్యేకాధికారి ఉండాలి. ఆయన నివేదికలను రాష్ట్రపతి పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచాలి. ఉంచుతారు కూడా. సభా సమక్షంలో పెట్టిన పత్రాల దొంతరలో అవి నా చేతికి ఎన్నోమార్లు వచ్చాయి. వార్త కాదని పక్కన పెట్టాను. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన తర్వాత ఒకటి వెదికి పట్టుకున్నాను. తెరవని పుస్తకానికి ఉండే వాసన ఇంకా దానికి ఉంది.

బావమరిదిని నేను నిందించలేను. నన్ను నిందించుకొనడానికి కూడా ఇది చోటు కాదు. ఇంగ్లీషు వస్తే కొలువు వస్తుందని అతడు అంటాడు. ఇంగ్లీషు చదివి తెలుగు పత్రికలో కొలువు చేస్తున్న నేను అతడికి ఏమి జవాబు చెప్పగలను? ఒక్కటి మాత్రం అడిగాను: సెలవులలో వారానికి ఒక గంట ఎవరైనా అక్షరాలు దిద్దించరా అని. "నువ్వు ఫోనులో దిద్దించు" అన్నాడు. ఇరుక్కుపోయాను. ఆదివారం ఉదయం పదింటికి అని ఒప్పందం కుదిరింది. మా అమ్మాయికి ఈ సంగతి తెలిసి, తానూ పక్కన కూర్చుంటానన్నది. ఆమెకు ఇరవై రెండేళ్లు. పది గంటలకు నిద్ర లేస్తుందా అన్నది చూడాలి.

తిరుగు ప్రయాణంలో బండి టాటానగర్ దాటాక అత్తయ్య ఇచ్చిన పొట్లం విప్పాను. అరిసెలు. చుట్టిన కాగితం నా కాలమే; ఒకనాటి బడ్జెట్ మీద నేను ఆవేశపడి రాసిన పేరా మీదుగా నూనె ఇంకి, ఆర్థిక మంత్రికి ఏ ఇబ్బందీ లేకుండా పోయింది. పక్కనున్న ఖాళీ జాగాలో పెన్సిలుతో 'టెక్కలి' అని నాలుగుసార్లు రాసి ఉంది. మొదటిదానిలో వత్తు పైన ఉంది. రెండోదానిలో పక్కన. మూడోదానిలో అసలు లేదు. నాలుగోది సరిగ్గా కింద ఉంది.